మోసేదెంత, తాగేదెంత

(చిన్న లోడు బండ్ల గురించి నెల్లూరు నుంచి ప్రసారమైన ఫోన్-ఇన్ కార్యక్రమం. సలహాలు ఇస్తున్నది ఆటోనగర్‌లో ఇరవై ఆరేళ్ళుగా ఈ బండ్లే బాగుచేస్తున్న మెకానిక్.)

యాంకర్: శ్రోతలకు నమస్కారం. రోజూ సరుకు తోలుకోవడానికి ఏ బండి తీసుకోవాలి, ఏది తక్కువ ఆయిల్ తాగుతుంది అని మీలో చాలామందికి అనుమానం. మన మెకానిక్ గారు స్టూడియో మెట్లెక్కుతూనే అన్నారు, మైలేజీ ఎంత అని అడిగిన ప్రతివాడినీ నేను ముందు ఒకటి అడుగుతాను అని. ఏమిటండీ అది?

మెకానిక్: రోజుకి ఎన్ని కిలోమీటర్లు తిరుగుతావయ్యా అని. అది చెప్పకుండా మైలేజీ అడగడం ఎట్టా ఉంటుందంటే, తినేవాళ్ళు ఎంతమందో చెప్పకుండా ఎసట్లో ఎన్ని సోలలు పొయ్యమంటావు అని అడిగినట్టు.

యాంకర్: మొదటి కాల్ పొదలకూరు వైపు నుంచి. చెప్పండి.

శ్రోత: నమస్తే అన్నా. నాది నిమ్మతోట. ఊరి నుంచి పొదలకూరు మార్కెట్‌కు 10 కిలోమీటర్లు. రోజూ రెండు ట్రిప్పులు. మామూలు రోజుల్లో ట్రిప్పుకు 500, 600 కిలోల కాయ పోతుంది. ఎండాకాలంలో మటుకు టన్ను దాటుద్ది. మా పక్క తోట ఆయన 1.7 టన్నుల బొలెరో పికప్ తీసుకున్నాడు. నేను కూడా అదే తీసుకుందామని.

మెకానిక్: టన్ను దాటేది ఎన్ని రోజులన్నా?

శ్రోత: నెల, నెలా పది రోజులు.

మెకానిక్: అంటే మిగతా పది నెలల పైన ఆ బండి సగం కూడా నిండకుండా తిరుగుతుంది. రెండు ట్రిప్పులంటే రానుపోను 40 కిలోమీటర్లు. పెట్రోల్ మీద నడిచే చిన్న బండి లోడుతో లీటరుకు 16 ఇచ్చిందనుకో, రెండున్నర లీటర్లు. లీటరు 110 లెక్కన 275 రూపాయలు. పెద్ద పికప్ డీజిల్‌తో 12 ఇచ్చిందనుకో, మూడు లీటర్ల పైచిలుకు. డీజిల్ 98 లెక్కన 327. తేడా ఎంత?

శ్రోత: యాభై రెండు.

మెకానిక్: నెలకు 25 రోజులు తోలితే 1,300. నువ్వు ఇన్నాళ్ళూ మైలేజీ మైలేజీ అని పడ్డ టెన్షన్ అంతా ఈ 1,300 కోసమే. ఇప్పుడు అసలుది చూడు. ఆ రెండు బండ్ల ధరలో నాలుగు లక్షలు తేడా అనుకుందాం. ఆ నాలుగు లక్షలకే ఐదేళ్ళ ఈఎంఐ 11 శాతం వడ్డీ మీద నెలకు 8,700 దాకా వస్తుంది. టైర్లు, ఇన్సూరెన్స్ దీనికి అదనం. ఆయిల్ దగ్గర రూపాయి చూసుకుని కంతు దగ్గర ఏడు రూపాయలు పోగొట్టుకుంటున్నావు.

శ్రోత: మరి ఎండాకాలంలో ఏం చెయ్యమంటారన్నా?

మెకానిక్: మూడో ట్రిప్పు వెయ్యి. లేదంటే ఆ నెల రోజులూ పక్క తోట ఆయన బండినే బాడుగకు పిలువు. ఆయన కంతు కట్టుకోవడానికి ఆయనకూ బాడుగ కావాలి కదా!

యాంకర్: చిన్న బండ్లలో ఏమేమి ఉన్నాయో కూడా చెప్పండి.

మెకానిక్: 2005లో టాటా ఏస్ వచ్చాక ఈ తరహా బండ్లు ఊరూరా పాకాయి. ఇప్పుడు ఏస్ ప్రో అని 2025లో దించారు, 750 కిలోలు మోస్తుంది. మొదట్లో 3.99 లక్షల నుంచి అన్నారు, షోరూం ధర. మారుతి సూపర్ క్యారీలో ఇప్పుడు డీజిల్ లేదు, పెట్రోలూ సీఎన్‌జీ మాత్రమే. దానికి నాలుగు సిలిండర్ల 1.2 లీటర్ల ఇంజన్, లాగుడు బాగుంటుంది. కొంచెం పైకి పోతే అశోక్ లేలాండ్ దోస్త్. ఇంకో సంగతి, 2025 సెప్టెంబరు 22 నుంచి సరుకు బండ్ల మీద జీఎస్టీ 28 నుంచి 18కి తగ్గింది. అంతకుముందు రాయించుకున్న కొటేషన్ జేబులో ఉంటే చించేసి కొత్తది అడగండి.

శ్రోత: డీజిల్ అయితే మేలంటారు కదన్నా ఊళ్ళో?

మెకానిక్: ఎక్కువ దూరం తిరిగేవాడికి మేలే. పొగ తగ్గించాలనే బీఎస్-6 రూలు వచ్చాక చాలా డీజిల్ బండ్లకు పొగగొట్టంలో మసి పట్టే ఫిల్టర్ పెట్టారు. బండి వేడెక్కి కాసేపు ఏకబిగిన నడిస్తేనే ఆ మసి కాలుతుంది. పదేసి కిలోమీటర్లు పోయి ఆపి, మళ్ళీ పదేసి కిలోమీటర్లు పోతే మసి పేరుకుని డాష్‌బోర్డు మీద లైటు వెలుగుతుంది. అట్టా లైటు వెలిగిన బండ్లు నా షెడ్డుకు వస్తూనే ఉంటాయి. నీ తిరుగుడుకు పెట్రోలే నయం.

యాంకర్: కావలి నుంచి ఒక అక్క లైన్లో ఉన్నారు.

శ్రోత: నమస్తే అండీ. మాది మంచినీళ్ళ ప్లాంటు. ఇంటింటికీ 20 లీటర్ల క్యాన్లు వేస్తాం. బాడుగ ఆటోతో లాభమంతా పోతోంది. సీఎన్‌జీ బండి తీసుకుని నేనే నడుపుదామని. నాకు కారు లైసెన్సే ఉంది, అది సరిపోతుందా?

మెకానిక్: సరిపోతుందమ్మా. సరుకుతో కలిపి మొత్తం బరువు 7,500 కిలోల లోపు ఉండే రవాణా బండిని కారు లైసెన్సుతో నడపొచ్చని 2024 నవంబరులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తేల్చేసింది. నీ బండి అందులో సగం బరువు కూడా ఉండదు. బండి మొత్తం బరువు 3,000 కిలోలు దాటకపోతే పర్మిట్ కూడా అక్కర్లేదు. పసుపు నంబరు బోర్డు, ఎఫ్‌సీ, అంటే బండి ఫిట్‌గా ఉందని ఇచ్చే సర్టిఫికెట్, మాత్రం తప్పవు. కొత్త బండికి రెండేళ్ళు ఎఫ్‌సీ ఉంటుంది, తర్వాత ఎనిమిదేళ్ళ వరకు రెండేళ్ళకోసారి, ఆపైన ఏటేటా. ట్రిప్పుకు ఎన్ని క్యాన్లు వేస్తావు?

శ్రోత: నలభై ఐదు.

మెకానిక్: నీళ్ళే 20 కిలోలు, క్యానుతో కలిపి 21 అనుకో. నలభై ఐదు అంటే 945 కిలోలు. చూడ్డానికి ప్లాస్టిక్ క్యాన్లేగా అనిపిస్తుంది. 750 కిలోల బండికి 35 క్యాన్లే లెక్క. అందులో సీఎన్‌జీ తీసుకుంటే సిలిండర్ బరువు కూడా బండే మొయ్యాలి, సూపర్ క్యారీలో పెట్రోల్ బండి కంటే సీఎన్‌జీ బండికి లోడు తక్కువ ఇచ్చింది అందుకే. పట్టుబడితే కేంద్ర చట్టం ప్రకారం ఓవర్‌లోడుకు 20,000 జరిమానా, ఎక్కువున్న ప్రతి టన్నుకూ ఇంకో 2,000.

శ్రోత: అయితే సీఎన్‌జీ వద్దా?

మెకానిక్: వద్దనలేదమ్మా. నీది గడపగడపకూ ఆగే పని. ఫస్ట్ గేరు, సెకండ్ గేరు, ఆపు, మళ్ళీ ఫస్ట్ గేరు. ఆ నడకలో ఏ బండీ కంపెనీ చెప్పిన మైలేజీ ఇవ్వదు. కాబట్టి ఇంధనం చౌకగా ఉండటం నీకు కలిసొస్తుంది. కానీ మీ ప్లాంటుకు దగ్గర్లో గ్యాస్ బంకు ఉందా, పొద్దున ఆరు గంటలకు అక్కడ ఎంత క్యూ ఉంటుందో నువ్వే పోయి చూడు. క్యూలో ముప్పావు గంట పోతే పది ఇళ్ళు ఫోన్లు చేస్తాయి. సిలిండర్‌కు మూడేళ్ళకోసారి టెస్టు చేయించాలి, అది మర్చిపోవద్దు. క్యాన్లు దించేటప్పుడు ఇంజన్ ఆపే అలవాటు చేసుకో, దానికి రూపాయి ఖర్చు లేదు.

యాంకర్: చీమకుర్తి నుంచి ఇంకొకరు.

శ్రోత: సార్, గ్రానైట్ పలకలు తోలడానికి ఏస్ బండి పనికొస్తదా?

మెకానిక్: ఎనిమిదడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు, రెండు సెంటీమీటర్ల మందం పలక ఒక్కటే 160 కిలోల దాకా తూగుతుంది నాయనా. ఐదు పలకలకే 800. పైగా నిలబెట్టి కట్టాలి, మలుపులో బండి ఒక పక్కకు ఒరుగుతుంది. పనికిరాదు.

యాంకర్: ఒక్క ముక్కలో తేల్చేశారు! మైపాడు దగ్గర నుంచి చివరి కాల్. చెప్పన్నా.

శ్రోత: అన్నా, రొయ్యల క్రేట్లు తోలడానికి సెకండ్ హ్యాండ్ బండి చూశా. రేటు బాగుంది. పోయిన సారి ఇట్టానే ఒకటి కొంటే, పాత ఓనరు అప్పు తీర్చేసినా ఆర్సీలో ఫైనాన్స్ వాళ్ళ పేరు అట్టానే ఉండిపోయింది. వాళ్ళ చుట్టూ ఎనిమిది నెలలు తిరిగా.

మెకానిక్: ఈసారి డబ్బులు ఇచ్చేముందే, బాకీ లేదని ఫైనాన్స్ వాళ్ళిచ్చే ఎన్‌వోసీ, ఆర్సీలో వాళ్ళ పేరు తీసెయ్యడానికి వాళ్ళు సంతకం చేసిన ఫారం 35 చేతిలో పెట్టించుకో. ఇక బండి సంగతి. పొద్దున్నే పో. నేను వచ్చేదాకా స్టార్ట్ చెయ్యొద్దని రాత్రే ఫోన్ చెయ్యి. పోగానే ఇంజన్ మీద చెయ్యి పెట్టి చూడు. వెచ్చగా ఉందంటే నీకంటే ముందే లేచి వేడి చేసిపెట్టాడని అర్థం. చల్లటి ఇంజన్ స్టార్ట్ అవడానికి ఎన్నిసార్లు దగ్గిందో విను. పొగ నీలంగా వస్తే ఇంజనాయిల్ తాగుతోంది, వదిలెయ్.

శ్రోత: పొగ మామూలుగానే ఉందన్నా, నిన్న చూశా.

మెకానిక్: అయితే కింద పడుకుని, బరువు మోసే కమాన్ పట్టీలు చూడు. పాత పట్టీల మధ్య ఒకటి కొత్తగా కనిపిస్తే ఓవర్‌లోడు కోసం ఎక్కించారన్నమాట. ఆ బండి క్లచ్చు, గేర్‌బాక్సు కూడా అంతే కష్టపడి ఉంటాయి. తర్వాత ఒక స్పానర్ తీసుకుని ఛాసిస్, అంటే బండి కింది ఇనప చట్రం మీద టక్కుటక్కున కొట్టుకుంటూ పో. మంచి ఇనుము ఖణేల్‌మంటుంది. తుప్పు తిన్నచోట తడి అట్ట మీద కొట్టినట్టు శబ్దం వస్తుంది. మీ సముద్రం పక్క బండ్లకు అదే జబ్బు. ఐసు కరిగి, ఆ ఉప్పునీళ్ళు తొట్టి సందుల్లోంచి ఛాసిస్ మీదకు కారుతుంటాయి. కింద అంతా కొత్తగా నల్ల పెయింటు కొట్టి ఉంటే ఆ పెయింటు వెనక ఏముందో గీకి చూడు.

శ్రోత: అమ్మేవాడు ఊరుకుంటాడా గీకితే?

మెకానిక్: ఊరుకోకపోతే నీకు జవాబు దొరికినట్టే కదా! కొన్నాక రోజూ సాయంత్రం కింద కడిగించు. మీ బోరు నీళ్ళు ఉప్పగా ఉంటాయి, వాటితో కడిగితే కడగనట్టే. చెరువు నీళ్ళో, పంచాయతీ కుళాయి నీళ్ళో వాడు.

యాంకర్: పొదలకూరు అన్న మళ్ళీ లైన్లోకి వచ్చారు. త్వరగా అడగండి, టైమ్ అయిపోతోంది.

శ్రోత: అదే అన్నా, షోరూం వాళ్ళు మైలేజీ ఇంత అంటారు, నిజమో కాదో తెలిసేదెట్టా?

మెకానిక్: టెస్ట్ డ్రైవ్‌కు వాళ్ళు ఖాళీ బండి ఇస్తారు. ఒప్పుకోవద్దు. నీ లోడు వేసుకుని, నీ దారిలోనే తోలు. ముందు బంకులో గన్ను తనంతట తానే ఆగేదాకా ట్యాంక్ కొట్టించి రీడింగు రాసుకో. తోలి వచ్చాక అదే బంకులో, అదే గన్నుతో మళ్ళీ అక్కడిదాకా కొట్టించు. తిరిగిన కిలోమీటర్లను పట్టిన లీటర్లతో భాగించు.

శ్రోత: అంటే నిమ్మకాయలు వేసుకుని షోరూంకు పొమ్మంటావా?

మెకానిక్: కాయలెందుకన్నా పాడు చేసుకోవడం, పది ఇసుక బస్తాలు చాలు.