పిక్కల సంగతి చెప్పమ్మా

శ్రోతలకు నమస్కారం.

ఉద్దానం పల్లె నుంచి ఒక అమ్మాయి గత వేసవిలో మా ఇంటికి వచ్చి అరుగు మీద కూర్చుంది. పదో తరగతి పూర్తి చేసింది. పొరుగు రాష్ట్రంలోని ఒక ఆశ్రమ పాఠశాలలో పదకొండో తరగతికి దరఖాస్తు పెట్టి, రాతపరీక్ష గట్టెక్కింది. ఇక మిగిలింది ఇంటర్వ్యూ, అదీ ఇంగ్లీషులో. "రాయమంటే రాస్తాను మాస్టారూ, నోరు తెరవాలంటేనే భయం" అంది. ముప్పై ఏళ్ళుగా ఇంగ్లీషు పాఠం చెబుతున్నవాడిని. ఆ మాట వింటే నాకు బాధగానే ఉంటుంది, ఎందుకంటే రాయించినంతగా మేము మాట్లాడించలేదు.

నీ హాబీ ఏమిటని ఇంగ్లీషులో అడిగాను. పుస్తకాలు చదవడం అని గడగడా అప్పజెప్పింది. ఎవరో రాసిచ్చిన జవాబు. ఈ మధ్య ఏ పుస్తకం చదివావు అన్నాను. అంతే, గొంతు ఆగిపోయింది. చున్నీ కొసను వేలికి చుట్టుకుంటూ తల దించుకుంది. అప్పుడు చూశాను, ఆ వేళ్ళ కొసలు నల్లగా ఉన్నాయి. ఇదేమిటమ్మా అని తెలుగులో అడిగాను.

ఇక ఆ పిల్లను ఆపడం నా వల్ల కాలేదు. సెలవుల్లో అమ్మతో కలిసి జీడిపిక్కలు కొడుతుందట. పిక్కను ఉడికించి, ఆరబెట్టి, కాలితో తొక్కే కత్తి మిషను మీద పెట్టి చీల్చాలి. పెంకులోని జీడి రసం తగిలితే చర్మం కాలిపోతుంది కాబట్టి చేతులకు నూనె రాసుకోవాలి. తరువాత పప్పును వేడికి ఎండబెట్టి పొట్టు తీయాలి. గుండు విరిగి బద్ద అయితే ధర పడిపోతుంది. గుండ్లకు మళ్ళీ నంబర్లున్నాయి: నూట ఎనభై, రెండు వందల పది, రెండు వందల నలభై, మూడు వందల ఇరవై. ఒక పౌండు తూకానికి, అంటే దాదాపు 454 గ్రాములకు, ఎన్ని గుండ్లు తూగుతాయో ఆ లెక్క. నంబరు పెరిగేకొద్దీ పప్పు చిన్నది. పది నిమిషాలు చెప్పింది. ఒక్కసారి కూడా తడుముకోలేదు.

ఈ సంగతే ఇంగ్లీషులో చెప్పమ్మా అన్నాను. ఇది ఇంటర్వ్యూలో చెప్పే విషయమేనా అని ఆశ్చర్యపోయింది. తల్లిదండ్రులు, మా వంటి ఉపాధ్యాయులు కలిసి పిల్లలకు చేసే అన్యాయం ఇదేనని నా నమ్మకం. వాళ్ళకు బాగా తెలిసినదాన్ని దాచమంటాం, తెలియనిదాన్ని బట్టీ పట్టమంటాం. బట్టీ పట్టిన జవాబు ఒక ప్రశ్నకే సరిపోతుంది. దాని వెనుక రెండో ప్రశ్న వస్తుంది. అడిగేవారికి కావలసింది ఆ రెండో ప్రశ్నకు వచ్చే జవాబే.

భాష సంగతి కూడా చెప్పాలి. మన పిల్లలు వాక్యం మధ్యలో ఎందుకు ఆగిపోతారో గమనించారా? తెలుగులో క్రియ చివర వస్తుంది. అమ్మ, పొద్దున్నే, పాకలో, పిక్కలు, అన్నీ చెప్పాక "కొట్టింది" అంటాం. ఇంగ్లీషులో అమ్మ అనగానే ఏం చేసిందో చెప్పాలి, తక్కినవి తరువాత. తెలుగు వరుసలో ఆలోచించి ఇంగ్లీషులోకి మారిస్తే మొదటి మాట దగ్గరే దారి మూసుకుపోతుంది. అందుకని ఆ అమ్మాయి చేత చిన్న చిన్న వాక్యాలు చెప్పించాను. ఎవరు, ఏం చేశారు, దేన్ని. అక్కడ ఆగి ఊపిరి తీసుకో. ఎక్కడ, ఎప్పుడు అన్నది ఆ తరువాత కలుపు. నాలుగు రోజుల్లో నడక కుదిరింది. యాస గురించి దిగులు పడవద్దన్నాను. ప్రతి మాట చివరా "ఉ" చేర్చడం మన అలవాటు, బస్సు, కారు అన్నట్టు. దాన్ని తగ్గించుకుంటే చాలు. రేడియోలో ఇంగ్లీషు వార్తలు విని, ఒక్కొక్క వాక్యం వెంటనే పైకి అనడం దీనికి మంచి సాధన.

ప్రశ్న అర్థం కాకపోతే? మళ్ళీ ఒకసారి అడగమని మర్యాదగా కోరడం, కొంచెం ఆలోచించి చెబుతాననడం, ఈ రెండు మాటలు మాత్రం బట్టీ పట్టించాను. నోరు ఎండిపోతే మంచినీళ్ళు అడగవచ్చు. వేళ్ళు వణికితే ఒళ్ళో ఒకదానిపై ఒకటి పెట్టుకుని, ఊపిరిని తీసుకున్నదానికన్నా నెమ్మదిగా వదలాలి.

ఇంతకీ ఇంటర్వ్యూ ఎక్కడ ఉంటుంది, ఎక్కడ ఉండదు అన్నది కూడా చాలామందికి తెలియదు. మన విజయనగరం దగ్గర 1962లో మొదలైన కోరుకొండ సైనిక్ స్కూలుకు ఇప్పుడు రాతపరీక్ష, వైద్యపరీక్ష ఉన్నాయి, ఇంటర్వ్యూ లేదు. డెహ్రాడూన్‌లోని రాష్ట్రీయ ఇండియన్ మిలిటరీ కాలేజీలో ఎనిమిదో తరగతి ప్రవేశానికి మాత్రం 400 మార్కుల రాతపరీక్షతో పాటు 50 మార్కుల మౌఖిక పరీక్ష ఉంటుంది. ఇక ఒకటో తరగతిలో చేర్చబోయే పసిబిడ్డను, ఆ బిడ్డ తల్లిదండ్రులను కూర్చోబెట్టి ఇంగ్లీషులో ప్రశ్నలు వేసే మామూలు బడులు ఉన్నాయి. అది చట్టవిరుద్ధం. 2009 నాటి విద్యాహక్కు చట్టం 13వ సెక్షను ప్రకారం అలా వడపోసే బడికి మొదటిసారి 25 వేల రూపాయల వరకు, ఆ తరువాత ప్రతిసారీ 50 వేల వరకు జరిమానా పడుతుంది. ఇంగ్లీషు రాదని తలవంచుకుని బయటికి వచ్చే తల్లులు ఈ మాట గుర్తుంచుకోవాలి.

ఆ అమ్మాయి ప్రయాణానికి ముందు రోజు సాయంత్రం వాళ్ళ ఇంటికి వెళ్ళాను. పాకలో తల్లి చాట ముందు పెట్టుకుని పొట్టు తీస్తోంది. ఆమె బడి ముఖం చూడలేదు. అమ్మకు వినిపించమన్నాను. పిల్ల నిలబడి ఇంగ్లీషులో మొదలుపెట్టింది. ఉడికించడం, ఆరబెట్టడం, చీల్చడం చిన్న చిన్న వాక్యాల్లో చెప్పుకుంటూ వచ్చింది. చాటలోంచి ఒక గుండు తీసి చూపిస్తూ ఇది టూ టెన్ అంది.

తల్లి చేతిలో పని ఆపి ఆ గుండును కూతురి వేళ్ళ మధ్య నుంచి తీసుకుంది. దీపం వెలుగులో అటూ ఇటూ తిప్పి చూసింది.

"టూ టెన్ కాదమ్మా, టూ ఫార్టీ. సరిగ్గా చెప్పు" అంది.

కూతురు మళ్ళీ మొదటి నుంచి చెప్పింది.