మాస్కు ముఖానికి అతికిందా? ఏడు నిమిషాల తీపి పరీక్ష

[దృశ్యం: బెంగళూరు శివార్లలోని జిగణి. గ్రానైట్ పలక అంచును గ్రైండర్‌తో రుద్దుతున్న చేతులు. మాస్కు తీశాక ముఖం దగ్గరగా: ముక్కుకు రెండు పక్కలా బూడిద రంగు చారలు.]

వ్యాఖ్యానం:
ఈ చారలు చూడండి. మాస్కు లోపల దుమ్ము చార పడిందంటే గాలి ఫిల్టర్ గుండా కాదు, అంచు సందులోంచి దూరిందని అర్థం. ఎన్‌95 మాస్కు ఫిల్టర్ 0.3 మైక్రాన్ల రేణువుల్లో కనీసం 95 శాతం ఆపుతుంది. ఆ లెక్క ఫిల్టర్‌దే, అంచుది కాదు. గాలికి ఎటు సులువైతే అటే పోతుంది. గ్రానైట్ దుమ్ములో ఊపిరితిత్తులను దెబ్బతీసే సిలికా ఉంటుంది. ఊపిరితిత్తుల లోతుకు చేరే రేణువులు కంటికి కనబడవు కాబట్టి చార లేకపోతే సందు లేదని అనుకోకండి. (నీళ్లు పారిస్తూ కోయడం ముందు. మాస్కు ఆ తర్వాతే.)

[దృశ్యం: బల్లమీద తలకు తొడిగే, పారదర్శకమైన ముందుభాగం ఉన్న హుడ్, ద్రావణాన్ని సన్నని తుంపరగా చిమ్మే రెండు నెబ్యులైజర్లు, ఎర్ర మూత సీసా, నీలం మూత సీసా.]

తీపి ద్రావణాన్ని హుడ్‌లోకి తుంపరగా చిమ్మితే, సందు ఉందో లేదో నాలుకే చెబుతుంది. ఒక సీసాలో పలుచనిది, ఇంకోదానిలో చిక్కనిది. పలుచని ద్రావణంలో 100 మి.లీ. నీటికి 0.83 గ్రాముల సోడియం శాకరిన్ (తీపి పదార్థం) ఉంటుంది, చిక్కనిదానిలో 83 గ్రాములు. అంటే సరిగ్గా వంద రెట్లు. ముక్కూ నోరూ కప్పే మాస్కు బయటి గాలిలోని మలినాన్ని లోపల వందో వంతుకైనా తగ్గించాలి. మాస్కు లేకుండా పలుచని తీపిని పట్టిన నాలుక, మాస్కు పెట్టుకున్నాక వంద రెట్ల చిక్కదనంలోనూ ఏమీ పట్టకపోతే ఆ మాస్కు పనిచేస్తున్నట్టే.

అందుకే మాస్కు లేకుండా చేసే మొదటి దశను వదిలేయకూడదు. చాలా చోట్ల టైమ్ లేదని వదిలేసేది దీన్నే. తీపి తెలియని మనిషి ఎంత వదులు మాస్కులోనైనా పాసైపోతాడు!

పరీక్షకు 15 నిమిషాల ముందు నుంచి మంచినీళ్లు తప్ప ఏమీ వద్దు. టీ, బీడీ, గుట్కా ఏదీ కుదరదు. టీ బ్రేక్ అయిన వెంటనే మనుషుల్ని వరసలో నిలబెడితే ఫలితాలు నమ్మడానికి ఉండవు.

[దృశ్యం: హుడ్ లోపల మనిషి, మాస్కు లేదు. నోరు కొంచెం తెరిచి, నాలుక బయటపెట్టి నోటితో ఊపిరి తీస్తున్నాడు.]

పలుచని ద్రావణమున్న నెబ్యులైజర్‌ను పది సార్లు నొక్కండి. తీపి తెలిసిందా? లేకపోతే ఇంకో పది, ఆపైన ఇంకో పది. 10, 20, 30లో ఏ అంకె దగ్గర తెలిసిందో రాసుకోండి. ముప్పైకీ తెలియకపోతే ఈ మనిషికి శాకరిన్ పరీక్ష పనికిరాదు, చేదు ద్రావణంతో చేయాలి.

నోరు పుక్కిలించి, తీపి పోయాక మాస్కు. పై పట్టీ నడినెత్తి వెనక, కింది పట్టీ చెవుల కింద మెడ మీద ఉండాలి. రెండూ అడ్డంగా పెనవేస్తే మాస్కు పక్కలు ముడుచుకుంటాయి. ముక్కు మీది పట్టీని ఒక్క చేత్తో గిల్లితే నడుమ కోణం లేచి సందు పడుతుంది. రెండు చేతుల వేళ్లతో మధ్య నుంచి పక్కలకు నొక్కాలి. చెమటకని లోపల కర్చీఫ్ పెట్టుకుంటే సీల్ లేనట్టే. నిన్న గీసిన గడ్డం కూడా అంచును లేపుతుంది. మీసం అంచు కిందికి రాకపోతే పర్వాలేదు. గడ్డం తీయనివారికి ఫ్యాన్‌తో గాలి పంపే వదులు హుడ్ సరిపోతుంది, దానికి ఈ పరీక్ష అక్కర్లేదు. పనిలో కళ్లజోడు పెట్టుకునేవారు పరీక్షలోనూ పెట్టుకోవాలి.

ఐదు నిమిషాలు అలాగే ఉంచి, చిక్కని ద్రావణం కొట్టండి. నాలుక మళ్లీ బయటే. ముందు ఎన్నిసార్లకు తీపి తెలిసిందో అన్నిసార్లు, తర్వాత 30 సెకన్లకోసారి అందులో సగం. 20 పట్టినవారికి ప్రతి అర నిమిషానికి పది.

[తెర మీద: ఒక్కొక్కటి ఒక నిమిషం]

మామూలు ఊపిరి. లోతైన ఊపిరి, నిదానంగా. తొందరపడితే తల తిరుగుతుంది. తల పక్కలకు తిప్పడం, చివర దగ్గర ఊపిరి పీల్చాలి. తల పైకి కిందికి, పైకి చూస్తూ పీల్చాలి. మాట్లాడటం: వంద నుంచి వెనక్కి లెక్క, చిన్నప్పుడు నేర్చిన పద్యం, ఏదైనా సరే. చదువు రానివారి చేతికి ఇంగ్లీషు కాగితం ఇవ్వకండి. నడుము వంచడం, హుడ్ అడ్డమైతే ఉన్నచోటే పరుగు. మళ్లీ మామూలు ఊపిరి.

మధ్యలో తీపి తెలిస్తే అక్కడే ఆపండి. ఫెయిల్. ఇంకో సైజు, ఇంకో మోడల్ తీసుకుని, 15 నిమిషాల విరామం తర్వాత మొదటి దశ నుంచి మళ్లీ. మాట్లాడేటప్పుడో వంగినప్పుడో తీపి తగిలేవారే ఎక్కువ, ఎందుకంటే దవడ కదిలితే గడ్డం కింది అంచు జారుతుంది.

నెబ్యులైజర్ ముక్కు గడ్డకట్టితే తుంపర రాదు, అందరూ పాసవుతారు! ప్రతి నాలుగు గంటలకోసారి కడిగి, విదిల్చి, కొత్త ద్రావణం పోయండి. రెండు నెబ్యులైజర్ల మీదా గుర్తులు వేయండి.

పరీక్ష ఏటా ఒకసారి. బరువు బాగా మారినా, పళ్లు తీయించుకున్నా, కట్టుడు పళ్లు పెట్టుకున్నా ముందే చేయాలి. రోజూ పెట్టుకున్నప్పుడల్లా చేత్తో చూసుకునేది వేరు: అరచేతులతో మాస్కు కప్పి మెల్లగా ఊదండి, కళ్లకు గాలి తగిలితే ముక్కు దగ్గర సందు ఉంది. వాల్వ్ ఉన్న మాస్కయితే ఊదొద్దు, గట్టిగా పీల్చండి. మాస్కు లోపలికి లాగుకోవాలి.

[దృశ్యం: స్టోర్ అద్దం మీద అంటించిన కాగితం. పేరు, కంపెనీ, మోడల్, సైజు, తేదీ.]

పాసైంది ఆ మోడల్, ఆ సైజుతోనే. స్టోర్‌వాళ్లు చవకని వేరే డబ్బా తెప్పిస్తే పాత ఫలితం చెల్లదు. అందుకే ఈ కాగితం ఫైలులో కాదు, మాస్కులిచ్చే కిటికీ దగ్గర ఉండాలి.