కుమారునికి తెలియని గడియ: ఫోన్-ఇన్ సంభాషణ

వ్యాఖ్యాత: లైన్లో ఒక సోదరి ఉన్నారు. చెప్పండమ్మా, అయ్యగారు వింటున్నారు.

కాలర్: వందనాలు అయ్యగారూ. నేను సండే స్కూల్ టీచర్‌ని. మార్కు సువార్త 13వ అధ్యాయం చదివిస్తుంటే 32వ వచనం దగ్గర ఒక బాబు ఆపేశాడు. ‘యేసు తిరిగి వచ్చే ఆ దినం, ఆ గడియ తండ్రికి తప్ప కుమారునికీ తెలియదని ఉంది కదా టీచర్, మరి యేసు దేవుడెలా అవుతాడు?’ అన్నాడు. సంఘంలో పెద్దల్ని అడిగితే, ‘ఆయనకు తెలుసు, చెప్పకూడదు కాబట్టి అలా అన్నాడని చెప్పమ్మా’ అన్నారు. ఆ మాట నాకే మింగుడుపడటం లేదు.

పాస్టర్: వందనాలమ్మా. పెద్దలది గాలిమాట కాదు. తొలి శతాబ్దాల సంఘ బోధకుడు అగస్టీన్ కూడా దాదాపు అలాగే చెప్పాడు, శిష్యులకు తెలియజేయవలసిన సంగతి కాదు గనుక తెలియదన్నాడని. నాకు మాత్రం అది చాలదు. ఇక్కడ తెలిసీ తెలియనట్టు మాట్లాడాడంటే, సిలువకు ముందు గెత్సేమనే తోటలో ఆయన వేదన కూడా పైపైదేనా అని ఆ బాబు రేపు అడుగుతాడు. అప్పుడేం చెబుతాం?

కాలర్: అదేనండి నా భయం.

పాస్టర్: 4వ శతాబ్దంలో అరియసు అనే బోధకుని పక్షంవారు ఈ వచనాన్నే పట్టుకుని కుమారుడు తండ్రితో సమానుడు కాడన్నారు. వారిని ఎదిరించిన అలెగ్జాండ్రియా బిషప్ అతనాసియస్ ఏమన్నాడంటే, వాక్యమైన దేవునిగా, అంటే నిత్యుడైన కుమారునిగా ఆయనకు అన్నీ తెలుసు, తెలియకపోవడం మన శరీరానిది, ఆ శరీరాన్ని ఆయన నిజంగా తనదిగా చేసుకున్నాడు. 451లో కల్కెదోనులో కూడిన సంఘ పెద్దల సభ దీనికి ఆధారమైన బోధను స్థిరపరిచింది. క్రీస్తు ఒక్కడే, స్వభావాలు రెండు. అవి కలిసిపోవు, విడిపోవు, దేని లక్షణం దానికి ఉంటుంది. మనిషి బుద్ధి లక్షణం ఏమిటి? కొంచెం కొంచెంగా తెలుసుకోవడం.

కాలర్: అంటే దేవుని మనసొకటి, మనిషి మనసొకటి... ఇద్దరు యేసులైనట్టు కాదా?

పాస్టర్: కాదమ్మా, ఎరిగేవాడు ఒక్కడే, ఎరిగే తీరులు రెండు. ఈ చిక్కు తప్పించడానికే అపొల్లినారిస్ అనే 4వ శతాబ్దపు బిషప్, క్రీస్తులో మనిషి బుద్ధి ఉండాల్సిన చోట వాక్యమే ఉందన్నాడు. 381లో సంఘం ఆ బోధను తోసిపుచ్చింది. ఆయన స్వీకరించనిది స్వస్థపడలేదన్నాడు నజియాంజస్ గ్రెగొరీ అనే ఆ కాలపు సంఘ బోధకుడు. ఆలోచించండి, మన బుద్ధికి కూడా రక్షణ కావాలి కదా! పాఠం అర్థంకాక కూర్చునే పిల్లల బుద్ధి లాంటిదాన్ని కూడా ఆయన ధరించాడు. అందుకే లూకా 2:52 జ్ఞానంలోనూ ‘వర్ధిల్లుచుండెను’ అంటుంది. క్రీస్తు మనిషిగా నేర్చుకుని సంపాదించిన జ్ఞానం గురించి మధ్యయుగపు వేదాంతి థామస్ అక్వినాస్ తాను ముందు రాసినదాన్ని తర్వాత మార్చుకున్నాడు, అలాంటి జ్ఞానం ఆయనకు ఉందని ఒప్పుకున్నాడు.

వ్యాఖ్యాత: దీనిమీద అన్ని సంఘాలదీ ఒకే మాటేనా అయ్యగారూ?

పాస్టర్: లేదు. 600 ప్రాంతంలో పోప్ గ్రెగొరీ, ఆ దినం ఆయనకు మానవ స్వభావంలోనూ తెలుసు, కాని ఆ స్వభావం వల్ల కాదు, దైవత్వం వల్ల తెలిసిందని రాశాడు. కాథలిక్ బోధ చాలావరకు అటే మొగ్గింది. నేను అతనాసియస్ వైపు. రెండు పక్షాలవారూ ఆయన నిజమైన దేవుడు, నిజమైన మనిషి అనే ఒప్పుకుంటారు.

కాలర్: మరి తన మరణం గురించి ముందే చెప్పాడు, బావి దగ్గర కలిసిన సమరయ స్త్రీ సంగతంతా చెప్పాడు. అది తెలిసి, ఇది తెలియకపోవడమేంటి అంటే?

పాస్టర్: మంచి ప్రశ్న. వచ్చిన పనికి కావలసింది తండ్రి ఆయనకు తెలియజేశాడు. ఆ దినం తండ్రి తన చేతిలో ఉంచుకున్నాడు. కుమారుడు దానికోసం పెనుగులాడలేదు, తండ్రిని నమ్మాడు. బాబుకు ఇది చెప్పండి. తర్వాత మార్కు 5:30 చదివించండి. ఒక రోగిష్టి స్త్రీ ఆయన వస్త్రం ముట్టగానే, తనలోనుంచి ప్రభావం బయలువెళ్లిందని యేసుకు తెలిసింది, అదే వచనంలో ‘నా వస్త్రములు ముట్టినదెవరు’ అని అడిగాడు. రెండూ పక్కపక్కనే ఉన్నాయి. పిల్లల్నే కనిపెట్టనివ్వండి.

కాలర్: ఈ ఆదివారం అదే చదివిస్తానండి. వందనాలు.