డ్రైవర్ ఉన్నా ఎక్సెల్ ఎందుకు మొండికేస్తుంది?

అందరికీ నమస్కారం. ఇక్కడ కూర్చున్నవాళ్లలో సగం మంది అకౌంట్స్ సెక్షన్ వాళ్లు, మిగతా సగం వాళ్లు ఫోన్ చేస్తే పరుగెత్తేవాళ్లు. నేను రెండో రకం. కాబట్టి ముందు నేను తిట్లు తిన్న సంగతి చెప్తాను.

ఒక ఆఫీసులో జీతాల పట్టీ ఎక్సెల్‌లో తయారయ్యేది. లెక్కలన్నీ సర్వర్‌లో, మైఎస్‌క్యూఎల్ డేటాబేస్‌లో ఉంటాయి. ఎక్సెల్ తెరిచి రిఫ్రెష్ నొక్కితే ఆ నెల వివరాలు వచ్చి పడతాయి. సరిగ్గా నెలాఖరులో అకౌంటెంట్ గారికి కొత్త కంప్యూటర్ ఇచ్చారు. నేను వెళ్లి ఎక్సెల్‌కీ డేటాబేస్‌కీ మధ్య మాట మోసే డ్రైవర్ వేసి, ఓడీబీసీ కిటికీలో, అంటే ఆ డ్రైవర్ల సెట్టింగులు పెట్టే విండోస్ తెరలో, టెస్ట్ బటన్ నొక్కాను. కనెక్షన్ సక్సెస్‌ఫుల్ అంది. "అయిపోయింది మేడమ్" అని బయల్దేరాను. బస్టాండ్ చేరకముందే ఫోన్. "ఏమండీ, ఇదేదో ఆర్కిటెక్చర్ మిస్‌మ్యాచ్ అంటోంది. రేపు జీతాలు వెయ్యాలి!"

వెనక్కి వెళ్లాను. టెస్ట్ నొక్కితే మళ్లీ సక్సెస్. ఎక్సెల్‌లో మళ్లీ అదే ఎర్రర్. డ్రైవర్ తీసేసి మళ్లీ వేశాను, రీస్టార్ట్ చేశాను, మనం మామూలుగా చేసే పూజలన్నీ చేశాను. రాత్రి ఎనిమిదింటికి గానీ విషయం బుర్రకెక్కలేదు.

డ్రైవర్ అంటే పక్కన నిలబడి పనిచేసే ప్రోగ్రామ్ అనుకుంటాం. కాదు, అదొక డీఎల్ఎల్ ఫైలు. ఎక్సెల్ దాన్ని తన లోపలికే తెచ్చుకుని నడుపుతుంది. ప్రోగ్రాములు 32 బిట్, 64 బిట్ అని రెండు కొలతల్లో వస్తాయి. 32 బిట్ ప్రోగ్రామ్ 64 బిట్ డీఎల్ఎల్‌ను లోపలికి తీసుకోలేదు. అటు నుంచి ఇటు కూడా అంతే. ఆర్కిటెక్చర్ మిస్‌మ్యాచ్ అంటే ఇదే. విండోస్ 64 బిట్ కదా అని నేను 64 బిట్ డ్రైవర్ వేశాను. వాళ్లేమో పాత మైక్రోసాఫ్ట్ ఆఫీస్‌నే కొత్త కంప్యూటర్‌లో వేసుకున్నారు, అది 32 బిట్. నేను చూడాల్సింది ఎక్సెల్‌ని, చూసింది విండోస్‌ని.

మరి టెస్ట్ ఎలా పాసైంది? నేను తెరిచిన ఓడీబీసీ కిటికీ కూడా 64 బిట్‌దే. అది తన కొలత డ్రైవర్‌ని పిలిచి పరీక్షించుకుంది. పెళ్లికొడుకు చొక్కా తమ్ముడికి తొడిగి, సరిపోయిందన్నట్టు.

64 బిట్ విండోస్‌లో ఈ కిటికీలు రెండుంటాయి. 64 బిట్‌ది సిస్టమ్32 ఫోల్డర్‌లో ఉంటుంది, 32 బిట్‌ది సిస్‌వావ్64 ఫోల్డర్‌లో ఉంటుంది. మీరు సరిగ్గానే విన్నారు, తిరగేసి చెప్పలేదు. పైగా రెండు చోట్లా ఫైలు పేరు ఒక్కటే, ఓడీబీసీఏడీ32. పాత ప్రోగ్రాములు సిస్టమ్32 అనే పేరునే వెతుక్కుంటాయని దాన్ని అలాగే ఉంచేశారు. పేరు పెట్టినాయన్ని ఒక్క నెలాఖరు మన సెక్షన్‌లో కూర్చోబెడితే బాగుండేది. విండోస్ 8 నుంచి కొంత నయం, స్టార్ట్‌లో ఓడీబీసీ అని వెతికితే 32, 64 అని పక్కనే రాసి రెండూ కనిపిస్తాయి.

ఎక్సెల్ ఎన్ని బిట్లదో తెలియాలంటే ఫైల్, అకౌంట్, అబౌట్ ఎక్సెల్ నొక్కండి. పై వరుస చివర ఉంటుంది. 64 బిట్ ఆఫీస్ మొదట వచ్చింది 2010 వెర్షన్‌తో. అయినా 2016 దాకా ప్రత్యేకంగా ఎంచుకోకపోతే 32 పడేది, 2019 నుంచి 64 పడుతోంది. అందుకే ఆఫీస్ వెర్షన్ మార్చిన వారంలోనే మాకు ఫోన్లు ఎక్కువ.

మైఎస్‌క్యూఎల్ డ్రైవర్లు 32, 64 రెండూ ఒకే కంప్యూటర్‌లో గొడవ లేకుండా ఉంటాయి. అనుమానం ఉంటే రెండూ వేసేయండి. యాక్సెస్ అనే మైక్రోసాఫ్ట్ డేటాబేస్ ఫైళ్లు చదివే యాక్సెస్ డేటాబేస్ ఇంజిన్ అలా కాదు, 32 బిట్ ఆఫీస్ ఉన్నచోట 64 బిట్ ఇంజిన్ వేయబోతే కుదరదని మొహం మీదే చెప్తుంది. దొడ్డిదారిన ఎక్కించే చిట్కాలున్నాయి. నేనైతే ఆ జోలికి పోను.

బిట్లు కుదిరినా ఇంకో చిక్కుంది, అది మన భాషకే తగిలేది. మైఎస్‌క్యూఎల్ డ్రైవర్ వేస్తే జాబితాలో రెండు పేర్లు వస్తాయి, ఒకటి ఆన్సీ, అంటే ఒక్కో రకం లిపికి విడిగా ఉన్న పాత అక్షరాల పట్టికలతో నడిచేది. ఒకటి యూనికోడ్, అన్ని భాషలకీ కలిపి ఒకే పట్టిక వాడేది. పోస్ట్‌గ్రెస్ అనే ఇంకో డేటాబేస్‌కీ అంతే. అక్షరక్రమంలో ఆన్సీ పైన ఉంటుంది కాబట్టి చెయ్యి దానిమీదికే పోతుంది. ఇంగ్లీషు డేటా అయితే తేడా తెలియదు. తెలుగుకి మాత్రం విండోస్‌లో ఆన్సీ కోడ్ పేజీ, అదే ఆ పాత పట్టిక, అంటూ లేనే లేదు. రామయ్య అన్న పేరు మనకి మూడక్షరాలు. కంప్యూటర్‌కి ర, దీర్ఘం, మ, య, పొల్లు, య, మొత్తం ఆరు. ఆన్సీ దారిలో వస్తే ఆరు ప్రశ్నార్థకాలు కనిపిస్తాయి. చూడటం వరకైతే పర్వాలేదు, డ్రైవర్ మారిస్తే పేరు తిరిగొస్తుంది. అదే యాక్సెస్ ఫారమ్‌లోంచి అలాగే సేవ్ చేస్తే డేటాబేస్‌లోకి వెళ్లేవి ఆ ప్రశ్నార్థకాలే. ఇక అందులోంచి రామయ్యని ఎవరూ బయటికి తీయలేరు. బ్యాకప్ ఉండాలి, లేదంటే కాగితం రిజిస్టర్ ముందేసుకుని మళ్లీ టైపు చెయ్యాలి.

సర్వర్ మారినప్పుడు డ్రైవర్ వయసు కూడా చూడండి. మైఎస్‌క్యూఎల్ 8 పాస్‌వర్డ్ పరీక్షించే పద్ధతి మార్చింది, పాత 5.1 డ్రైవర్‌కి అది తెలియదు. మైక్రోసాఫ్ట్ వాళ్ల డేటాబేస్ ఎస్‌క్యూఎల్ సర్వర్‌కి వేసే ఓడీబీసీ డ్రైవర్ వెర్షన్ 18 ఏమీ చెప్పకపోయినా ఎన్‌క్రిప్షన్, అంటే డేటాని రహస్య లిపిలో పంపమని, అడుగుతుంది. నిన్నటిదాకా 17తో నడిచిన కనెక్షన్, సర్వర్ చూపించే గుర్తింపు సర్టిఫికెట్ నమ్మను అంటూ ఆగిపోతే కారణం అదే, నెట్‌వర్క్ వాళ్ల మీద అరవకండి.

ఈ ల్యాప్‌టాప్‌లో కావాలనే తప్పు డ్రైవర్ వేసి తెచ్చాను. టెస్ట్ పాసవుతుంది, ఎక్సెల్ తిడుతుంది. వెనకవాళ్లకి కనిపించాలి, ఆ లైటొకటి ఆపండి బాబూ.