పుదుప్పేటకి వెళ్ళే ముందు

(చెన్నైలో చదువుకుంటున్న తెలుగు ఇంజినీరింగ్ విద్యార్థుల సభలో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం.

"తక్కువ ఖర్చులో హై పెర్ఫార్మెన్స్ ఇంజిన్" అని మీవాళ్ళు నాకు టాపిక్ ఇచ్చారు. ఆ మాట వినగానే మీలో సగం మందికి టర్బో, రేస్ కామ్‌షాఫ్ట్, చెయ్యి దూరేంత లావు సైలెన్సర్ గుర్తొచ్చి ఉంటాయి. వాటి గురించి ఇవాళ మాట్లాడను. చేతిలో డబ్బు తక్కువున్నవాడు ముందు ఖర్చు పెట్టాల్సింది కొలతల మీద. అంటే మంచి మెషిన్ షాపు, సిలిండర్ లోపలి వ్యాసం కొలిచే బోర్ గేజ్, మైక్రోమీటర్, బోల్టుని ఎంత బలంతో బిగించామో చూపే నమ్మకమైన టార్క్ రెంచ్. మెరిసే సామాన్లన్నీ ఆ తర్వాతే.

ఊరికే గాల్లో మాట్లాడకుండా ఒక బండి తీసుకుందాం. 2000లో మన దేశంలో అమ్మకానికొచ్చిన హోండా సిటీ 1.5 వీటెక్. 106 హార్స్‌పవర్. అప్పట్లో కుర్రాళ్ళు దాని కోసం ఎంత తపించారో మీ బాబాయిల్నో మేనమామల్నో అడగండి, ఒక పూట చెబుతారు. దాని బోర్, అంటే సిలిండర్ లోపలి వ్యాసం, 75 మిల్లీమీటర్లు. స్ట్రోక్, అంటే పిస్టన్ పైకీ కిందకీ కదిలే దూరం, 84.5. నాలుగు సిలిండర్లకి లెక్క కడితే 1493 సీసీ.

"రీబోర్ చేయిస్తే, అంటే సిలిండర్‌ని కాస్త పెద్దగా కోయిస్తే, పవర్ పెరుగుతుంది కదన్నా?" అని అడుగుతుంటారు. సరే, లెక్క వేద్దాం. అర మిల్లీమీటర్ ఓవర్‌సైజ్ పిస్టన్ వేస్తే 1513 సీసీ వస్తుంది. పెరిగింది 20 సీసీ, నూటికి ఒకటిన్నర కూడా కాదు. రీబోర్ చేయించేది సైజు కోసం కాదు, సిలిండర్ మళ్ళీ గుండ్రంగా, పైనుంచి కిందిదాకా ఒకే కొలతలో ఉండడం కోసం. పిస్టన్ పైకెళ్ళి ఆగి తిరిగే చోట, టాప్ రింగ్ దగ్గర, గోడ ఎక్కువ అరుగుతుంది. పిస్టన్‌ని కింది క్రాంక్‌కి కలిపే కనెక్టింగ్ రాడ్ ఏటవాలుగా నెట్టడం వల్ల ఒక పక్క ఇంకాస్త ఎక్కువ అరుగుతుంది. అందుకే ప్రతి సిలిండర్‌ని పైన, మధ్యన, కింద మూడు చోట్ల, ఒక్కో చోట రెండు దిక్కుల్లో కొలవాలి. నాలుగు సిలిండర్లకి ఇరవై నాలుగు కొలతలు. అవి కాగితం మీద ఎక్కాకే పిస్టన్లు కొనాలో, హోనింగ్ చేసి (సానరాళ్ళతో సిలిండర్ గోడ మీద సన్నని గీతలు పడేలా రుద్ది) కొత్త రింగులు వేస్తే చాలో తేలుతుంది. పిస్టన్ల ఖర్చు తప్పితే బడ్జెట్‌లో పెద్ద భాగం మిగిలినట్టే.

అసలు ఇంజిన్ విప్పక ముందే కంప్రెషన్ టెస్ట్ చేయండి, అంటే ఒక్కో సిలిండర్‌లో గాలి ఎంత ప్రెషర్‌కి నొక్కుకుంటోందో గేజ్‌తో చూడండి. ఒక సిలిండర్‌లో ప్రెషర్ తక్కువ వస్తే స్పార్క్ ప్లగ్ రంధ్రంలోంచి ఒక చెంచా ఇంజిన్ ఆయిల్ పోసి మళ్ళీ చూడండి. ప్రెషర్ పెరిగితే రింగులో బోరో అరిగింది. పెరగకపోతే వాల్వులు, లేదా సిలిండర్ల మీద మూతలా ఉండే హెడ్ కింద వేసే హెడ్ గ్యాస్కెట్. బండి పొగ కొడుతోంది కదా అని ఇంజిన్ మొత్తం దింపేసి, తీరా చూస్తే వాల్వ్ సీల్స్‌తో పోయే పని అని తేలినవాళ్ళు ఈ ఊళ్ళో చాలామందే ఉన్నారు.

ఇక పుదుప్పేట. చెన్నైలో ఉండి పుదుప్పేట వెళ్ళకపోతే బండ్ల పిచ్చి ఉన్నట్టే కాదు. పాత బండ్లు విప్పి ఏ పార్టుకా పార్టు అమ్ముతారు. హెడ్, క్రాంక్ (పిస్టన్లు తిప్పే ఇరుసు), ఆల్టర్నేటర్, అడిగింది దొరుకుతుంది. బేరం ఆడితే ఇంకా తగ్గుతుంది. అయితే ఇది వానలకి మునిగే ఊరు. 2015 డిసెంబర్‌లో, 2023 డిసెంబర్ మిచాంగ్ తుపానులో ఎన్ని కార్లు నీళ్ళలో ఉండిపోయాయో మీకు తెలుసు. మునిగిన బండిని ఎవరో ఒకరు ఆత్రంగా స్టార్ట్ చేసి ఉంటారు. నీరు గాలిలా నలగదు. సిలిండర్‌లో నీళ్ళుండగా పిస్టన్ పైకొస్తే వంగేది కనెక్టింగ్ రాడ్డే. ఆ ఇంజిన్ బయటికి చక్కగానే కనిపిస్తుంది, చేత్తో తిప్పితే తిరుగుతుంది కూడా.

దీన్ని పట్టుకోవడానికి పెద్ద పరికరాలేమీ అక్కర్లేదు. హెడ్ తీయించండి. ఒక్కో పిస్టన్‌ని పూర్తిగా పైకి తెచ్చి, బ్లాక్ (సిలిండర్లుండే దిమ్మ) పై అంచు నుంచి పిస్టన్ తల ఎంత లోతులో ఉందో వెర్నియర్ డెప్త్ రాడ్‌తో కొలవండి. మూడు ఒకేలా ఉండి ఒకటి కిందకి ఉంటే ఆ రాడ్ వంగి పొట్టిదైంది. "అది అంతే ఉంటుంది సార్" అని అమ్మేవాడు అంటాడు. అంతే ఉండదు, నమస్కారం పెట్టి వచ్చేయండి.

నా సలహా, వీలైనంతవరకు మీ బ్లాక్‌నే బాగు చేయించుకోండి. ఇంజిన్ నంబర్ దాని మీదే ఉంటుంది. బ్లాక్ మారిస్తే ఆర్టీఓ ఆఫీసు చుట్టూ తిరిగి ఆర్సీలో నంబర్ మార్పించుకోవాలి. అది ఇంజిన్ దింపడం కంటే పెద్ద పని.

మెషిన్ షాపుకి వెళ్ళేటప్పుడు కొత్త పిస్టన్లు వెంట తీసుకెళ్ళండి. ముందు బోర్ చేయించి, తర్వాత పిస్టన్ వెతుక్కోవడం తలకిందుల పని. పెట్టె మీద 75.50 అని ఉన్నా నాలుగూ కచ్చితంగా ఒకే కొలతలో ఉండవు. ఒక్కో పిస్టన్‌కి నంబర్ వేసి, దాని సిలిండర్‌ని దానికి తగ్గట్టు హోన్ చేయమనండి. "టైమ్ పడుతుంది" అంటారు. పట్టనివ్వండి, ఆ టైమ్‌కి డబ్బిచ్చేయండి. బేరం పుదుప్పేటలో ఆడండి, ఇక్కడ వద్దు.

హోనింగ్ అయ్యాక కడగడం గురించి కాస్త ఎక్కువ చెబుతాను. రిపేర్ చేసిన ఇంజిన్లు చాలా వరకు ఇక్కడే పాడవుతాయి. హోనింగ్ రాళ్ళ పొడి ఆ గీతల్లో ఇరుక్కుని ఉంటుంది. పెట్రోల్‌తోనో కిరసనాయిల్‌తోనో తుడిస్తే జిడ్డు పోతుంది గానీ పొడి పోదు. వేడి నీళ్ళు, బట్టల సబ్బు పొడి, గట్టి బ్రష్. రుద్ది, కడిగి, ఆరబెట్టి, తెల్ల గుడ్డకి కాస్త ఆయిల్ రాసి తుడవండి. గుడ్డ బూడిద రంగులోకి మారితే మళ్ళీ కడగాలి. గుడ్డ తెల్లగా ఉండేదాకా అంతే. ఆరిన వెంటనే ఆయిల్ పూయడం మరవకండి. సిటీ బ్లాక్ అల్యూమినియమే అయినా లోపలి లైనర్లు పోత ఇనుము. మన సముద్రపు గాలికి నిమిషాల్లో నారింజ రంగు తుప్పు పొర లేస్తుంది. మీరు టీ తాగొచ్చేలోపు వచ్చేస్తుంది, చెప్పలేదనొద్దు.

ఇక బేరింగులు. ఈ ఇంజిన్ పవరంతా పై ఆర్పీఎంలో (నిమిషానికి ఎక్కువ చుట్లు తిరిగేటప్పుడు) ఉంది, దాన్ని బయటికి తెచ్చేది వీటెక్, అంటే అప్పుడు వాల్వుల్ని ఎక్కువ తెరిపించే ఏర్పాటు. అది పనిచేసేది ఆయిల్ ప్రెషర్‌తో. ప్రెషర్ అందితేనే రాకర్ ఆర్ముల్లోని పిన్నులు కదిలి వాల్వులు ఎత్తైన కామ్ మీదకి మారతాయి. క్రాంక్‌ని మోసే మెయిన్ బేరింగుల్లో సందు ఎక్కువైతే ఆయిల్ అక్కడే కారిపోయి ప్రెషర్ పడిపోతుంది. అప్పుడు మీరెంత ఖరీదైన ఎయిర్ ఫిల్టర్ పెట్టినా వీటెక్ పలకదు. వీటెక్‌కి ఆయిల్ వదిలే కరెంటు వాల్వ్, సోలెనాయిడ్, కింద ఉండే చిన్న జల్లెడ మూసుకుపోయినా ఇదే గతి, ముందు దాన్ని శుభ్రం చేసి చూడండి. బేరింగ్ సందు కొలవడానికి ప్లాస్టిగేజ్ అని వస్తుంది, సేమియా కంటే సన్నని మైనపు పోగు. జర్నల్ (క్రాంక్‌లో బేరింగ్ కూర్చునే నున్నని భాగం) మీద పెట్టి, క్యాప్‌ని మాన్యువల్‌లో చెప్పిన టార్క్‌కి బిగించి, మళ్ళీ విప్పి, అది ఎంత వెడల్పుగా నలిగిందో దానితో వచ్చే స్కేల్ కాగితంతో పోల్చాలి. ఈలోపు క్రాంక్ తిప్పకూడదు. మాన్యువల్‌లో ఉన్న హద్దులో ఉంటే సరే, లేకపోతే వేరే బేరింగ్ షెల్ (బేరింగ్ లోపలి అర్ధవృత్తపు రేకు) వేయాలి. హోండాకి షెల్స్ రంగు గుర్తులతో వేర్వేరు మందాల్లో వస్తాయి.

దాదాపు ఉచితంగా అయ్యే పని ఒకటుంది. పిస్టన్లు, రాడ్లు ఒకే బరువుకి తేవడం. బంగారం తూచే చిన్న డిజిటల్ త్రాసు చాలు. నాలుగింటిలో తేలికైనదాన్ని చూసి, మిగతావాటి నుంచి ఫోర్సు పడని చోట కొంచెం కొంచెం గీరాలి. 7000 ఆర్పీఎం దగ్గర పిస్టన్ పైన ఆగి తిరిగే క్షణంలో దాని త్వరణం భూమి ఆకర్షణకి సుమారు మూడు వేల రెట్లు. ఒక గ్రాము తేడా అక్కడ మూడు కిలోల లాగుడు. ఆర్పీఎం రెట్టింపైతే ఈ లాగుడు నాలుగింతలు.

హెడ్ బోల్టులు, గ్యాస్కెట్లు, ఆయిల్ సీల్స్, టైమింగ్ బెల్ట్, వాటర్ పంప్, వీటిలో పిసినారితనం వద్దు, కొత్తవి వేయండి. ఇన్‌టేక్ మానిఫోల్డ్, వాల్వ్ కవర్, బ్రాకెట్లు సెకండ్ హ్యాండ్‌వి చాలు.

పెట్రోల్ సంగతి. ఇప్పుడు బంకుల్లో వచ్చేది 20 శాతం ఇథనాల్ కలిపింది. పూర్తిగా మండడానికి ఒక పాలు మామూలు పెట్రోల్‌కి బరువులో 14.7 పాళ్ళ గాలి కావాలి, దీనికి సుమారు 13.5 చాలు. మెల్లగా వెళ్ళేటప్పుడు పొగగొట్టంలోని ఆక్సిజన్ సెన్సర్ చూసి ఈసీయూ (ఇంజిన్‌ని నడిపే కంప్యూటర్) సర్దుకుంటుంది. యాక్సిలరేటర్ నిండా తొక్కినప్పుడు మాత్రం అది సెన్సర్ మాట వినదు, పాత లెక్క ప్రకారమే పెట్రోల్ పోస్తుంది. మిశ్రమం పల్చబడుతుంది. ఇరుంగాట్టుకోట్టై రేస్ ట్రాక్ మీద తొక్కాలనుకునేవాళ్ళు, గాలి-పెట్రోల్ పాళ్ళు కచ్చితంగా చూపే వైడ్‌బ్యాండ్ సెన్సర్ పెట్టి చూడకుండా వెళ్ళొద్దు. పాతికేళ్ళనాటి రబ్బరు ఫ్యూయల్ పైపులు కూడా మార్చేయండి.

మొదటి స్టార్ట్‌కి ముందు స్పార్క్ ప్లగ్‌లు తీసేసి, ఇంజెక్టర్ల కనెక్షన్ విప్పి, ఆయిల్ లైట్ ఆరేదాకా సెల్ఫ్ కొట్టండి. స్టార్ట్ అయ్యాక గంటలకొద్దీ ఐడిల్‌లో ఉంచకండి. రింగుల్ని గోడకి నొక్కేది లోపల మండే గ్యాస్ ప్రెషరే, అది లోడ్ మీదే వస్తుంది. లీకులు చూసుకుని రోడ్డెక్కండి. మూడో గేర్‌లో సగం పైగా తొక్కి వేగం అందుకోవడం, కాలు తీసేసి గేర్‌లోనే తగ్గనివ్వడం, మళ్ళీ తొక్కడం. పొద్దున్నే ఖాళీగా ఉండే రోడ్డు చూసుకోండి, సాయంత్రం ఓఎమ్మార్ మీద ఇది కుదిరే పని కాదు. మామూలు మినరల్ ఆయిల్ చాలు. ఆ మొదటి ఆయిల్‌ని త్వరగా దింపేసి, ఫిల్టర్‌ని కోసి, మడతలు విప్పి ఎండలో పెట్టి చూడండి. కాస్త సన్నని మెరుపు మామూలే. గోటికి తగిలే రజను, రాగి రంగు రేకులు కనిపిస్తే బేరింగ్ పోతోంది, ఇంజిన్ స్టార్ట్ చేయకుండా సంప్ (అడుగున ఆయిల్ ఉండే తొట్టి) విప్పండి.

బ్లాకూ, బోర్ గేజూ పక్క బల్ల మీద పెట్టించాను. ముందు మూడో సిలిండర్ కొలవండి, అందులో ఒక తిరకాసు ఉంది. కొలిచాక ప్రశ్నలు అడగండి.