రెక్క చూసి పేరు చెప్పేయకండి

అందరికీ నమస్కారం. మ్యూజియం పెట్టెలో పిన్నుకు గుచ్చిన సీతాకోకచిలుక కనిపించగానే ఇది ఫలానా అని చెప్పేయాలనిపిస్తుంది. రంగు తెలుస్తోంది, చారలు తెలుస్తున్నాయి, పుస్తకంలో బొమ్మ ఉంది, ఇంకేం కావాలి? ఈ ధీమాతోనే, జీవులకు శాస్త్రీయ పేర్లు పెట్టే పద్ధతిని స్థిరపరిచిన లిన్నేయస్ అంతటివాడు పప్పులో కాలేశాడు. మన కరివేపాకు చెట్టు మీద గుడ్లు పెట్టే నల్ల సీతాకోకచిలుక, కామన్ మార్మన్, మీరు చూసే ఉంటారు. దాని ఆడవాటిలో కొన్ని అచ్చం మగదానిలా ఉంటాయి. మరికొన్ని ఎర్ర మచ్చలతో, పక్షులు ముట్టని కామన్ రోజ్ అనే మరో సీతాకోకచిలుక వేషంలో తిరుగుతాయి. 1758లో ఆయన ఈ ఒక్క జాతికే పాలిటీస్ అనీ, పామన్ అనీ రెండు పేర్లు పెట్టేశాడు.

దీనికి పూర్తిగా తలకిందుల కేసు కోస్టారికాది. ఆస్ట్రాప్టిస్ ఫుల్జరేటర్ అనే స్కిప్పర్ (సీతాకోకచిలుకల్లో ఒక కుటుంబం) ఉంది. ముదురు గోధుమ రంగు రెక్కలు, ఒంటి దగ్గర తళుక్కుమనే నీలం, ముందు రెక్క మీద తెల్ల పట్టీ. 1775 నుంచి అందరూ దీన్ని ఒకే జాతి అనుకున్నారు. టెక్సస్ దక్షిణం నుంచి అర్జెంటీనా దాకా దొరుకుతుంది కాబట్టి మ్యూజియంలలో దీనికి కొదవలేదు. అనుమానం మాత్రం ఎవరికీ రాలేదు.

అనుమానం గొంగళిపురుగుల దగ్గర మొదలైంది. కోస్టారికాలోని గువానకాస్తే అడవుల్లో పరిశోధకులు డాన్ జాన్‌జెన్, విన్నీ హల్వాక్స్, అక్కడి స్థానికులు పాతికేళ్లకు పైగా ఒకే పని చేశారు. గొంగళిపురుగును తెచ్చి, అది దొరికిన చెట్టు ఆకులే వేసి ప్లాస్టిక్ సంచిలో పెంచడం, రెక్కలొచ్చాక పిన్నుకు గుచ్చి నంబరు చీటీ తగిలించడం. ఆ నంబరు పట్టుకుని రికార్డు తీస్తే పురుగు ఏ చెట్టుది, ఎలా ఉండేది అన్నీ తెలుస్తాయి. రెక్కలు ఒకేలా ఉన్నా పురుగుల రంగులు వేరు, తినే ఆకులు వేరు.

ఇలాంటప్పుడు మామూలుగా జననాంగాలు చూస్తాం. పొట్ట విరిచి, పొటాషియం హైడ్రాక్సైడ్‌లో నానబెట్టి, మెత్తబడ్డాక మైక్రోస్కోప్ కింద పెడతాం. స్కిప్పర్లలో చాలాసార్లు చిక్కుముడి అక్కడే విడిపోతుంది. అమెరికాలోని స్మిత్‌సోనియన్ మ్యూజియంలో జాన్ బర్న్స్ ఆ పనిలో దిట్ట. ఇక్కడ ఆయనకూ చెప్పుకోదగ్గ తేడా చిక్కలేదు. చివరికి ఎండిన నమూనాల నుంచి ఒక్కో కాలు తుంచి కెనడాలోని గ్వెల్ఫ్‌లో పాల్ హీబర్ట్ ల్యాబ్‌కు పంపారు. సుమారు 650 డీఎన్‌ఏ అక్షరాల జన్యు ముక్క ఒకటి చదివితే నమూనాలు గుంపులుగా విడిపోయాయి. ఆ గుంపులను ఆకులతో, పురుగులతో సరిపోల్చి, 2004లో ఆ ఒక్క ప్రాంతంలోనే కనీసం పది జాతులున్నాయని ప్రకటించారు. వాటికి ముద్దుపేర్లు కూడా ఎక్కువగా తిండి మొక్కలవే: సెల్టిస్ తినేది సెల్ట్, ట్రిగోనియా తినేది ట్రిగో.

అందరూ ఒప్పుకున్నారనుకోకండి. 2006లో ఆండ్రూ బ్రోవర్ అనే కీటక శాస్త్రవేత్త అదే డేటాను మళ్లీ లెక్కగట్టి, మూడుకు తగ్గవు గానీ ఏడుకు మించవన్నాడు. ఒక్క జన్యువు మీద అంత భారం వేయొద్దన్న ఆయన మాట నాకు సబబుగానే తోస్తుంది. అయితే ఆయన కూడా ఒకటే జాతి అనలేదు. డీఎన్‌ఏకి వచ్చిన పేరు ఆ చీటీలకు రాలేదని మాత్రం నాకు కాస్త ఉక్రోషం. చీటీ లేని నమూనా నుంచి కూడా కాలు తుంచి జన్యువు చదవొచ్చు. అది ఏ ఆకు తిని పెరిగిందో మాత్రం ఏ మెషీనూ చెప్పలేదు.

మధ్యాహ్నం ల్యాబ్‌లో మీ ముందుకు వచ్చే పెట్టెల్లో కొన్నింటికి ఊరు, తేదీ, పట్టినవారి పేరు ఉంటాయి, కొన్నింటికి ఏమీ ఉండవు. వాటిని ముందు విడదీయండి, పేర్ల సంగతి తర్వాత చూద్దాం. ఇక ప్రశ్నలు అడగండి.