బేస్‌మెంట్‌లో సర్వర్: ఇన్‌స్టాల్‌కి ముందు రోజు పనులు

హాయ్ అండీ, న్యూజెర్సీలో శనివారం పొద్దున్న. ఇవాళ వంటా లేదు, కాస్ట్‌కో షాపింగూ లేదు, డైరెక్ట్‌గా బేస్‌మెంట్‌కే. పాత డెస్క్‌టాప్ మీద ఫ్రీబీఎస్‌డీ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ వేసి ఇంటి ఫోటోలు, అమ్మాయి కూచిపూడి వీడియోలు అన్నీ అందులోకి మార్చబోతున్నాం. కింద వైఫై అంతంత మాత్రం. ఉన్నా సరే, సర్వర్‌ని వైఫై మీద నడపడం నాకు ఇష్టం ఉండదు. ఇన్‌స్టాల్ రేపు, ఇవాళ నెట్‌వర్క్ సంగతి తేల్చేద్దాం.

ముందు నెట్‌వర్క్ కార్డు. ఇన్‌స్టాలర్ పెన్‌డ్రైవ్‌తో బూట్ చేసి, లైవ్ మోడ్‌లోకి వెళ్లి, నెట్‌వర్క్ కార్డుల్ని చూపించే ఐఎఫ్‌కాన్ఫిగ్ కమాండ్ కొట్టాను. ఇదిగో, ఈఎం0 అని వచ్చింది చూశారా? ఫ్రీబీఎస్‌డీలో కార్డు పేరు డ్రైవర్‌ని బట్టి వస్తుంది. మాది ఇంటెల్ కాబట్టి ఈఎం, రియల్‌టెక్ అయితే సాధారణంగా ఆర్‌ఈ అని ఉంటుంది. కింద స్టేటస్ 'నో క్యారియర్' అంటోంది. కంగారు పడకండి, కేబుల్ ఇంకా పెట్టలేదు కదా. కార్డుని గుర్తుపట్టింది, అది చాలు.

కేబుల్ క్యాట్6 తెచ్చారు మా ఆయన. గిగాబిట్ స్పీడ్‌కి క్యాట్5ఈ కూడా 100 మీటర్ల వరకు సరిపోతుంది. మీరు కొనేటప్పుడు ప్యాకెట్ మీద సీసీఏ అని ఉంటే మాత్రం వదిలేయండి, అది అల్యూమినియం తీగకి రాగి పూత. అంతస్తుల మధ్య గోడలోంచి లాగేదానికి సీఎంఆర్ రకం తీసుకోవాలి.

ఇప్పుడు అసలు విషయం, నెట్‌వర్క్‌లో ఒక్కో మెషీన్‌కి ఉండే ఐపీ అడ్రస్‌లు. ఇంట్లో వాడుకోవడానికి 1996 నుంచీ ఆర్‌ఎఫ్‌సీ 1918 అనే ఇంటర్నెట్ నియమాల పత్రంలో మూడు రేంజ్‌లు విడిగా పెట్టి ఉన్నాయి: 10తో మొదలయ్యేవి, 172.16 నుంచి 172.31 దాకా, 192.168తో మొదలయ్యేవి. చాలా రౌటర్లు 192.168.1 తోనో 192.168.0 తోనో వస్తాయి. మన ఎన్నారైలకి చిక్కు అక్కడే. విజయవాడలో అత్తయ్య గారింటి రౌటర్‌దీ 192.168.1, ఇక్కడా అదే అనుకోండి. సెలవులకి వెళ్లి అక్కడి నుంచి వీపీఎన్‌లో, అంటే ఇంటర్నెట్ మీదుగా మన ఇంటి నెట్‌వర్క్‌లోకి వచ్చే దారిలో, మన సర్వర్‌ని పిలిస్తే, ల్యాప్‌టాప్ ఆ అడ్రస్‌ని ఆ ఇంట్లోనే వెతుక్కుంటుంది. అందుకే ఇక్కడ 192.168.57 అని మార్చేశాను. ఎవరింట్లోనూ ఉండని అంకె ఏదైనా పర్లేదు.

రౌటర్ తనంతట తను పంచే డీహెచ్‌సీపీ అడ్రస్‌ల చివరి అంకె 100 నుంచి 199 వరకే అని కట్టేశాను. సర్వర్‌కి 10, ప్రింటర్‌కి 20, ఇవి మారవు. సర్వర్ పేరు గోదావరి. ప్రింటర్‌కి మూసీ అని పెట్టింది మా అమ్మాయి, ఎప్పుడూ ఏదో ఒకటి అడ్డుపడుతుందని. పేర్లలో అండర్‌స్కోర్ వాడకండి, హైఫన్ ఓకే.

రేపు ఆర్‌సీ డాట్ కాన్ఫ్ అనే సెట్టింగ్స్ ఫైల్లోకి వెళ్లాల్సినవి హోస్ట్ పేరు, ఈఎం0 అడ్రస్, నెట్‌మాస్క్ 255.255.255.0, డిఫాల్ట్ రౌటర్ అడ్రస్. అన్నీ ఈ నోట్‌బుక్ పేజీలో ఉన్నాయి, పాజ్ చేసి చూసుకోండి. పేజీ మీద నా చేతి వేలు కావాలనే పెట్టానండీ, దాని కింద రౌటర్ పాస్‌వర్డ్ ఉంది.